పసుపు రంగును కొలిచే చేతులు

చిలకలగూడ నుంచి తార్నాక దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. అక్కడి జీవరసాయన శాస్త్రవేత్త ఎస్.ఎల్.ఎన్.రావు 1978లో ప్రచురించిన ఒక పరీక్ష చాలు, పరిశోధక విద్యార్థుల చేతిపని విలువ తెలియడానికి. కేసరిపప్పునే నెలల తరబడి తింటే కాళ్లు చచ్చుబడవచ్చు. అందులోని ఓడాప్ అనే విషాన్ని ఆయన, సహచరులు 1964లో బెంగళూరులో వేరుచేశారు. కానీ విషం పేరు తెలిస్తే చాలదు, ఏ గింజలో ఎంతుందో తెలియాలి. ఆ 1978 పరీక్షలో గింజను పొడిచేసి, సారం తీసి, క్షారంతో కాచి, ఆర్థోథాలాల్డిహైడ్ కలిపితే పసుపు రంగు తేలుతుంది. ఆ రంగు చిక్కదనమే లెక్క.

ఇందులో కొత్తేముంది, వంటపనేగా అంటారు. నిజమే, చేసిందే చేయడం. అయితే తక్కువ విషమున్న వంగడాన్ని ఏరాలంటే వందల గింజలను ఇలా కొలవాల్సిందే. పిపెట్ దగ్గర చేయి తడబడితే మంచి విత్తనం చెత్తబుట్ట పాలవుతుంది. ఇప్పుడు యంత్రాలున్నాయిగా అన్న మాటకు కొంత బలముంది. కానీ యంత్రం తనకిచ్చిన సారాన్ని కొలుస్తుందే తప్ప, అది సరిగా దిగిందా అని అడగదు. 2008లో చైనాలో బయటపడిన మెలమిన్ కలిపిన పాలు నత్రజని పరీక్షలో ప్రోటీన్ లెక్కన గట్టెక్కినవే. అంకె వచ్చింది, అనుమానం రాలేదు. పక్కన ప్రామాణిక ద్రావణం పెట్టుకుని ప్రతి నమూనానూ మళ్లీ కొలిచే విద్యార్థి పేరు పరిశోధన పత్రంలో మొదట ఉండడమే న్యాయం.