మొదటి పొరదే పట్టు

పిడుగుకూ కాంపోజిట్‌కూ పొసగదు. అల్యూమినియం రేకు ఆ కరెంటును ఒంటిమీదుగా పారనిచ్చి వదిలేస్తుంది. కార్బన్ ఫైబర్‌ను రెజిన్‌తో బిగించి చేసే కాంపోజిట్‌కు అంతటి వాహకత లేదు. పిడుగు తగిలిన చోట రెజిన్ మాడిపోతుంది, పొరలు విడిపోతాయి. బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం కాంపోజిట్లే కాబట్టి, దాని పైపొరల్లో సన్నని లోహపు వల పరిచారు. వెడల్పాటి రెక్కకు వల పరచవచ్చు. 3డి ప్రింటర్‌లో తయారైన, వంకరలూ గాడులూ ఉన్న చిన్న భాగానికి వల తొడగడం కష్టం. అలాంటి చోట లోహాన్ని పొడిగా చల్లి పూత వేయవచ్చు. ఆ పద్ధతే కోల్డ్ స్ప్రే.

ఇది 1980లలో సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో పుట్టింది. అనతోలీ పపీరిన్ బృందం సూపర్‌సానిక్ గాలి ప్రవాహంలో లోహపు రేణువులను పంపి చూస్తుండగా ఒక వింత బయటపడింది. ఒక వేగం దాటాక ఆ రేణువులు ఎదుటి వస్తువును అరగదీయడం మానేసి దానికే అతుక్కున్నాయి. వేడిచేసిన నైట్రోజన్‌నో హీలియాన్నో సన్నని గొంతున్న నాజిల్ గుండా వదిలితే, అది వ్యాకోచించి చల్లబడుతూనే వేగం పుంజుకుంటుంది. రాగి పొడి అయితే సెకనుకు ఐదారు వందల మీటర్ల వేగం అందుకోవాలి. అప్పుడే రేణువు కరగకుండానే నలిగి, చదునై, పట్టేస్తుంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ కూడా ఈ విద్య మీద పరిశోధన చేస్తోంది.

లోహం మీద లోహం చల్లేటప్పుడు రెండూ నలుగుతాయి. పైనున్న ఆక్సైడ్ పొర చిట్లి, శుభ్రమైన లోహాలు కలుస్తాయి. కాంపోజిట్ మీద ఆ కలయిక లేదు. అందులోని రెజిన్ ఎపాక్సీ అయితే పెళుసు, దెబ్బకు పెచ్చులూడుతుంది. నైలాన్ అయితే మెత్తబడి రేణువును మింగేస్తుంది, పట్టు దొరుకుతుంది. అసలు చిక్కు రెండో పొరతో వస్తుంది. ఇక మీదట రేణువు గుద్దాల్సింది ప్లాస్టిక్‌ను కాదు, లోహాన్ని. దానికి ఎక్కువ వేగం కావాలి. ఆ వేగం మొదటి పొరను పెకలించి పారేస్తుంది.

ఇక్కడ ఆదుకున్నది తగరం. ఇత్తడి గిన్నెకు కళాయి వేసేవాడు గిన్నెను కాల్చి, నవాసారం చల్లి, తగరాన్ని దూదితో రుద్దుతాడు. ప్లాస్టిక్‌ను అలా కాల్చలేం. కానీ 232 డిగ్రీలకే కరిగే ఆ గుణమే కోల్డ్ స్ప్రేలోనూ అక్కరకొచ్చింది. తగరపు రేణువు కొంత కరిగి, ఎపాక్సీలో పడ్డ సన్నని పగుళ్లలోకి దిగి, అక్కడే గడ్డకట్టి వేరు పట్టుకుంటుందని కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. ముందు తగరం పరిచి నిలబెడితే, పై పొరల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

పూతల పనిలో ఉన్నవాడిగా నా అభిప్రాయం ఒకటుంది. ఈ పని స్ప్రే గన్ దగ్గర కాదు, ప్రింటర్ దగ్గరే మొదలవ్వాలి. భాగం చేతికి రాగానే నేను ముందు ప్రింట్ పొరల గీతలు ఎటు సాగాయో చూస్తాను. ఆ గీతల గట్టు మీద రేణువు నిటారుగా తగులుతుంది, గట్టు పక్కన ఏటవాలుగా తగిలి జారిపోతుంది. గరుకుగా ఉంటే మంచిదని సాండ్‌పేపర్ ఎడాపెడా రుద్దితే లోపలి ఫైబర్ బయటపడుతుంది. అది రేణువును పట్టుకోదు, విరుగుతుంది. ఫైబర్ పైన ఒకట్రెండు పొరలు వట్టి నైలాన్‌తో ముగించమని ప్రింట్ చేసేవారిని అడుగుతాను. బరువు కాస్త పెరుగుతుందని వాళ్ల గొడవ. అది న్యాయమైన గొడవే, కానీ పూత నిలవాలంటే లోహం దిగడానికి చోటుండాలి.

పూత మెరుస్తోందంటే పని అయిపోయినట్టు కాదు. దాని మీద లోహపు గుబ్బను జిగురుతో అంటించి లాగి చూడాలి. లోహానికీ ప్లాస్టిక్‌కూ మధ్య ఊడితే తప్పు మొదటి పొరది. లోహం మధ్యలోనే చీలితే పొడినీ గ్యాస్‌నూ మళ్లీ సరిచూసుకోవాలి. స్ప్రే వేడికి దెబ్బతినని ప్లాస్టిక్ తానే చిరిగి, లోహంతో పాటు ఊడివస్తే మాత్రం ఆ పూతకు నూటికి నూరు వేస్తాను. అందులో యాభై ప్రింట్ చేసినవారివి.