మెలట్టూరి నృసింహజయంతి – ప్రహ్లాదచరిత్ర నాటకము : ఒక విమర్శ

తంజావూరు మండలమున వెలసిన భాగవతమేళ నాటకములను గూర్చిన వ్రాతలు ప్రాయికముగ రెండు తెరగుల నున్నవి. కొందరు వానిని దేవతోత్సవమునకు చెందిన యాచారములుగ నెంచి, భక్తిని కొనియాడి, కృతిని విడిచిరి. మరికొందరు వ్రాతప్రతియందలి పాఠమును మాత్రమే గ్రహించి, యక్షగాన వాఙ్మయచరిత్రలో నొక పంక్తిగ చేర్చి, యుత్సవమును విడిచిరి. మెలట్టూరి ప్రహ్లాదచరిత్రమునకు ఈ రెండు తీర్పులును చాలవు. ఆ నాటకము ఒక గుడికొరకు, ఒక వీథికొరకు, సంవత్సరమున నొక్క రాత్రికొరకు వ్రాయబడినది. కావున గుడిని విడిచి కృతిని గాని, కృతిని విడిచి గుడిని గాని తూచుట సరికాదు. గుడి ఈ నాటకమునకు ఏమి యిచ్చినది, ఏమి యీయజాలకున్నది యను ప్రశ్నయే విమర్శకు మొదటి మెట్టు.

మెలట్టూరు తంజావూరికి సమీపమున నున్న యగ్రహారము. నాయకరాజైన అచ్యుతప్పనాయకుడు 510 బ్రాహ్మణకుటుంబములకు ఒక్కొక్క యిల్లు, ఒక నుయ్యి, కొంత భూమి యిచ్చి యిచ్చట నిలిపెననియు, అందుచేతనే యూరికి అచ్యుతపురమను పేరు గలిగెననియు సంప్రదాయము చెప్పుచున్నది. నాయకరాజ్యము 1673లో నంతరించెను. తరువాతి మరాఠా ప్రభువులు సయితము తెలుగును విడువలేదు. శాహజి (1684–1712) స్వయముగ తెలుగున యక్షగానములు రచించెను. 1799 నుండి మండలపాలనము ఆంగ్లేయుల చేతిలోనికి పోయెను. 1855లో ఆ రాజవంశపు ప్రభుత్వము నామమాత్రముగనైనను మిగులలేదు. ఆస్థానమును నమ్ముకొన్న యక్షగానములు అంతటితో రంగమును గోల్పోయి, సరస్వతీమహలు గ్రంథాలయపు తాళపత్రములలో నిలిచినవి. గ్రామదేవళమును నమ్ముకొన్నవి మాత్రము వీథిలో నిలిచినవి. రాజు పోయినను ఉత్సవతిథి పోలేదు. గుడి యీ నాటకమున కిచ్చిన మొదటి వరమిదియే.

ఈ నాటకముల కర్త మెలట్టూరి వేంకటరామశాస్త్రి. ఆయన 18వ శతాబ్ది యుత్తరార్ధమునను, 19వ శతాబ్ది ప్రారంభమునను జీవించినవాడు, త్యాగరాజస్వామికి సమకాలికుడు. ప్రహ్లాదచరిత్రమే కాక, ఉషాపరిణయము, హరిశ్చంద్ర, మార్కండేయచరిత్రము, రుక్మాంగద, రుక్మిణీకల్యాణము, సీతాకల్యాణము, కంసవధ మున్నగు నాటకము లాయనవి. శూలమంగళము, ఊత్తుక్కాడు, శాలియమంగళము, నల్లూరు, తేపెరుమానల్లూరు గ్రామములందును భాగవతమేళ ముండెడిది. వానిలో పెక్కింట నది సన్నగిల్లినది. మెలట్టూరిలో సైతము కొంతకాలము క్షీణించి, 20వ శతాబ్దిలో స్థానికుల పట్టుదలచేతను, ఇ. కృష్ణయ్యరు వంటి కళాభిమానుల ప్రోత్సాహముచేతను మరల నిలదొక్కుకొన్నది.

వైశాఖ శుద్ధ చతుర్దశి నృసింహజయంతి. ఆ యుత్సవమున వరదరాజపెరుమాళ్ల గుడి యెదుటి వీథిలో రంగము నిలుపుదురు. స్వామి యుత్సవమూర్తిని రంగమునకు అభిముఖముగ వేంచేయింతురు. జనులు స్వామికిని నటులకును నడుమ గూర్చుందురు. ఈ యమరికలోనే నాటకముయొక్క తత్త్వమున్నది: నటుడు ముందుగ స్వామికొరకు ఆడును, జనులు ఆ సేవను పంచుకొందురు. మొదట పొడవుటోపీ పెట్టిన కోణంగి వచ్చి, గంతులిడి, సద్దుచేయు జనమును నవ్వించి కుదురుపరచును. పిమ్మట తోడయమంగళము. అటుపై ఏనుగుముఖము దాల్చిన బాలుడు గణపతియై వచ్చి పోవును. కట్టియకారుడు రాజు రాకను చాటును. హిరణ్యకశిపుడు, లీలావతి, ప్రహ్లాదుడు తమతమ ప్రవేశదరువులతో రంగమునకు వత్తురు. రాత్రి పొడవునను కథ సాగి, తెల్లవారుజామునకు స్తంభము వ్రయ్యలగును. నృసింహపాత్రధారి ఆనాడు ఉపవసించును. అతడు ధరించు ముఖము వట్టి వేషసామగ్రి కాదు, పూజలందునది. అది దాల్చినతోడనే అతడు ఆవేశమునొంద, తోడివారు పట్టి నిలుపుదురు. హిరణ్యకశిపుని వధను రంగమున జూపరు. కర్పూరహారతితో స్వామిని శాంతింపజేయుదురు.

ఈ యుత్సవక్రమమును దృష్టియందుంచుకొని పాఠమును పరిశీలించినచో, అందు రెండు విభిన్నములైన శక్తులు పనిచేయుట కానవచ్చును. మొదటిది సంవాదశక్తి. తండ్రికిని కొడుకునకును నడుచు వాదము, భర్తకును బిడ్డకును నడుమ నలుగు లీలావతి వేదన, ఇవి మాటలచేతనే రూపొందునవి. రెండవది సాన్నిధ్యశక్తి. స్తంభోద్భవఘట్టమున మాటకు పెద్ద పని లేదు. చూచువాడు ఏ భాషవాడైనను చేతులు జోడించును. మొదటి శక్తి నాటకమునకు చెందినది. రెండవది గుడికి చెందినది. వేంకటరామశాస్త్రి ప్రతిభ యెల్ల మొదటిదానిని రెండవదానికి సోపానముగ నిర్మించుటలో నున్నది.

అందును లీలావతి పాత్ర ప్రత్యేకముగ గమనింపదగినది. సంస్కృతభాగవతమున ప్రహ్లాదుని తల్లి కయాధువు. తెలుగువారి ప్రహ్లాదకథలో లీలావతి యను పేరే ప్రసిద్ధము. ప్రహ్లాదునకు సంశయము లేదు, హిరణ్యకశిపునకును సంశయము లేదు. ఒకడు హరి సర్వత్ర గలడనును, ఒకడు ఎచ్చటను లేడనును. సంశయమును, భయమును, మమతయును లీలావతియందే యున్నవి. భర్తమాట దాటరానిది, బిడ్డప్రాణము విడువరానిది. స్తంభము నుండి స్వామి వెడలుటతో ప్రహ్లాదుని విశ్వాసము నెగ్గును, హిరణ్యకశిపుని గర్వ మణగును; లీలావతికి మాత్రము ఆ మహిమ పరిష్కారము కాదు. బిడ్డ దక్కినను భర్త దక్కడు. మానవహృదయమునకు చెందిన నాటకము ఆమెయొద్దనే గలదు. మెలట్టూరి నటులలో లీలావతి వేషమునకు ఇంతటి గౌరవము గలుగుటకు కారణమిదియే కావచ్చును.

పాఠమునకు దోషములు లేవనుట ప్రశంస యగును గాని విమర్శ గాదు. వర్ణనములును, స్తుతులును నిడివి పెరుగుట యక్షగానమునకు సామాన్యలక్షణము. ఈ కృతియు దానికి వెలి కాదు. అయితే పుస్తకమున విసుగు పుట్టించు ప్రవేశదరువు వీథిలో నటుని నడకకును, అభినయమునకును, గాయకుల రాగవిస్తారమునకును చోటిచ్చుచున్నది. రాత్రియంతయు స్వామియెదుట గడపవలసిన నాటకమునకు తొందర తగదు. కావున నిడివిని దోషముగ నెంచుటకు ముందు ఆ నిడివి యెవరికొరకో విచారింపవలెను.

త్యాగరాజస్వామి ప్రహ్లాదభక్తివిజయముతో పోల్చినచో ఈ భేదము మరింత స్పష్టమగును. అదియు ఆ మండలముననే, ఇంచుమించు ఆ కాలముననే పుట్టిన తెలుగునాటకము. అందు స్తంభోద్భవము ప్రధానవస్తువు కాదు; ప్రహ్లాదుని విరహమును, హరిసాక్షాత్కారమును ప్రధానములు. అది అంతర్ముఖమైన కృతి. దానికి ఒక గుడి, ఒక తిథి, ఒక వీథి యేర్పడలేదు. ఫలితముగ దాని కీర్తనలు గానసభలలో నిలిచినవి. నాటకముగ నది యరుదుగనే రంగమెక్కినది. ప్రహ్లాదచరిత్రము బహిర్ముఖమైన కృతి. దాని దరువులు ఊరు దాటి పెక్కుగ వ్యాపింపకపోయినను, నాటకము నాటకముగ నిలిచినది. కవిత్వపు మేలిమి యొకదానిని, ఉత్సవపు పట్టు వేరొకదానిని కాపాడినవి.

కూచిపూడి భాగవతులతో పోలికయు ప్రయోజనకరమే. కూచిపూడి మేళములు ఊరూర తిరిగి ఆడినవి. ఆయాయూరి ప్రేక్షకుని మెప్పును గడింపవలసి, కాలానుగుణముగ మార్పులను గైకొన్నవి. మెలట్టూరివారు తమ స్వామికొరకే ఆడిరి. భాగవతమేళము వారికి జీవనోపాధి కాలేదు. ఇందువలన పాతపద్ధతులు చెడక నిలిచినవి. కాని ఆ పట్టు వలననే వలయము చిన్నదయ్యెను. అగ్రహారపు బ్రాహ్మణపురుషులు మాత్రమే వేషములు గట్టుట నియమము. స్త్రీపాత్రలను సైతము పురుషులే ధరింతురు. స్త్రీలకు రంగమున తావు లేదు. అగ్రహారమువారు ఉద్యోగములకై నగరములకు పోయినపుడు వేషధారులే కరవైరి. నేటికిని దూరనగరముల నుండి సెలవు పెట్టి వచ్చి స్వామియెదుట వేషము గట్టువారివలన ఈ నాటకము నడచుచున్నది. వారి నిష్ఠ శ్లాఘనీయము. అయినను ఒక కళ కొన్ని కుటుంబముల సెలవుదినములపై ఆధారపడి యుండుట క్షేమము కాదు. చెన్నపట్టణమున కళాక్షేత్రమువారు ఉషాపరిణయాదులను స్త్రీలతో గూడ నృత్యనాటకములుగ ప్రదర్శించి, ఈ కృతులకు వీథి వెలుపలను జీవము గలదని నిరూపించిరి. అచ్చట స్తంభమునకు హారతి లేదు. కాని కృతి నిలిచినది.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ నాటకభాష తెలుగు. చూచువారి భాష తమిళము. వేషధారులలో పెక్కురకు నిత్యవ్యవహారము తమిళమే. పాఠమును తమిళలిపిలో వ్రాసికొని నేర్చువారును గలరు. తమిళలిపిలో క-ఖ-గ-ఘలకు అక్షర మొక్కటే. త-థ-ద-ధలకును అక్షర మొక్కటే. 'దాత' అనియు 'తాత' అనియు తమిళాక్షరములలో నొకేరీతిగ నుండును. 'బాల' యని చదువవలసినచో 'పాల' యని చదువుట కవకాశము గలదు. సంగీతగ్రంథములలో అక్షరములపై అంకెలు వేసి ఈ భేదమును తెలుపు పద్ధతి యున్నది గాని, అంకె ధ్వనిని గుర్తుచేయునే కాని యర్థమును చెప్పదు. గురుముఖమున నేర్చిన తరమునకు చెవి తోడుండెను. ఆ చెవి సన్నగిల్లిన కొలదిని లీలావతి పలుకు శోకమగుట మాని స్వరమగును. తండ్రికొడుకుల వాదము వాదమగుట మాని లయ యగును.

సంగీతమును అభినయమును ఉండగా భాషతో పనియేమి, భక్తునకు భావమే చాలును గదా యని కొందరు వాదింతురు. ఈ వాదము స్తంభోద్భవమునకు చెల్లును. అచ్చట భావము చాలును. గుడి దానిని ఎన్నడును విడువదు. లీలావతికి చెల్లదు. ఏ మాటకు తల్లి కంపించెనో, ఏ మాటకు తండ్రి చేయి గదపై బడెనో తెలియనిచో ప్రేక్షకుడు తెల్లవారుజాము కొరకు వేచియుండును గాని నాటకమును చూడడు. అప్పుడు ప్రహ్లాదచరిత్రము మంత్రమగును. మంత్రమునకు పవిత్రత గలదు, అర్థాపేక్ష లేదు. వేంకటరామశాస్త్రి మంత్రము వ్రాయలేదు. వినువారికి తెలియవలెనని సంవాదములు వ్రాసెను. గుడి సాన్నిధ్యమును నిలుపగలదు, తిథిని నిలుపగలదు, నియమమును నిలుపగలదు; అర్థమును నిలుపజాలదు. అది భాష నెరిగినవారి పని.

చేయదగిన పని యసాధ్యము కాదు. ఉన్న వ్రాతప్రతులను పోల్చి, పాఠమును పరిష్కరించి, తెలుగులిపిలోను తమిళలిపిలోను ఎదురెదురుగ ముద్రించి, తమిళమున ప్రతిపదార్థము చేర్చవలెను. వేషము గట్టనున్న బాలురకు ముందుగ తెలుగు అక్షరములు నేర్పవలెను. ఉత్సవమునాడు ఘట్టమునకు ముందు దాని తాత్పర్యమును తమిళమున చెప్పించినచో స్వామిసేవకు భంగము లేదు. కోణంగి నవ్వించుటకు వచ్చినట్లే యొక వ్యాఖ్యాత వివరించుటకు రావచ్చును.

ఈ ప్రశ్న మెలట్టూరికి మాత్రమే చెందినది కాదు. షోలాపురమున తెలుగు పద్మశాలీలు శ్రావణపూర్ణిమకు మార్కండేయుని రథోత్సవము జరుపుదురు. బరంపురమున తెలుగు దేరకులమువారు బుఢీఠాకురాణి యాత్రను నడిపింతురు. మార్కండేయుని కథను నాటకముగ వ్రాసినవాడు మెలట్టూరి కవియే యగుట ఇచ్చట స్మరింపదగినది. ప్రవాసాంధ్రులకు గుడి తొలి యాశ్రయము. ఉత్సవము బంధువుల నొకచోట చేర్చు దినము. ఊరేగింపు నడచుచుండగా సమాజము నిలిచియే యున్నదని తోచును. అది నిజమే. అయినను రథము నడచుట వేరు, దానిముందు పాడెడి పాట తెలియుట వేరు. మెలట్టూరిలో నృసింహుడు ప్రతిసంవత్సరము స్తంభము నుండి వెడలివచ్చును. ఆ విషయమున సంశయము లేదు. లీలావతి మాట ఆ రాత్రి ఎందరికి తెలిసినదో దానినిబట్టియే ఈ నాటకముయొక్క ఆయుర్దాయమును లెక్కింపవలెను.