జిల్లా అనుబంధం: దగ్గరతనం, దాని హద్దు

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ మొదలవడాన్ని మన పరిశోధకులు ఎక్కువగా పంపిణీ విజయంగానే విశ్లేషించారు. అది తప్పు కాదు, కానీ చాలదు. పత్రిక స్వభావాన్ని మార్చినది 1989 నాటి జిల్లా అనుబంధం. వీధి కుళాయి, బడి పైకప్పు, పంచాయతీ తగాదా అచ్చుకు నోచుకున్నాయి. అయితే ఆ దగ్గరతనానికి జిల్లా సరిహద్దే హద్దయింది. ఇచ్ఛాపురం నుంచి విశాఖకు పనికి వచ్చిన కూలీ గోడు ఏ జిల్లా వార్త? శ్రీకాకుళం పుటకు అతడు ఊళ్లో లేనివాడు. విశాఖ పుటకు ఊరివాడు కాడు. 1963లో మొదలైన విశాఖ ఆకాశవాణి కేంద్రం ప్రసారాలకు ఈ గీత అడ్డు రాలేదు (అక్కడి వార్తలకు ప్రభుత్వ పరిమితి ఉండటం వేరే మాట). ఉత్తరాంధ్ర పత్రికలపై పరిశోధన ప్రధాన సంచికకే పరిమితమైనంత కాలం ఈ విభజన కంటికి ఆనదు. ఒకే తేదీన వెలువడిన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ అనుబంధాలను పక్కపక్కన పెట్టి చదవాలి.