అల్లూరి పటం: వేషం, రంగు, ప్రతీక

పటం అంటే ముఖానికి నకలు అనే అభిప్రాయం మనలో బలంగా ఉంది. "అచ్చు గుద్దినట్టున్నాడు" అనడమే పటానికి మనం ఇచ్చే పెద్ద ప్రశంస. కానీ పోలిక కుదరడం పటం చేసే పనుల్లో ఒకటి మాత్రమే. ఒక మనిషి చనిపోయాక, అతన్ని చూడని తరాలు అతన్ని ఏ రూపంలో జ్ఞాపకం పెట్టుకోవాలో, ఆ జ్ఞాపకంలో ఏది ఉండాలో, ఏది జారిపోవాలో పటం తేలుస్తుంది. ఆ పనిని ముక్కుతీరు కంటే ఎక్కువగా ముఖం మీది పూత, బట్ట మీది రంగు, చేతిలో పెట్టిన వస్తువు చేస్తాయి. వేషం, రంగు, ప్రతీక అనే ఈ మూడింటిని విడివిడిగా తీసుకుని, మా విశాఖ మన్యానికి చెందిన అల్లూరి సీతారామరాజు పటాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రంగులూ పూతలూ పటాల్లోకి సినిమాతోనే వచ్చాయనుకోవడం పొరపాటు. ఒక తరం క్రితం వరకు ఫొటో స్టూడియోకి వెళితే, తెర మీద కోటో పూలతోటో గీసి ఉండేది. ముఖానికి పౌడరు దట్టించేవారు. స్టూడియోవాడి కోటే ఊళ్ళో పది మంది పెళ్ళికొడుకులకు ఒంటి మీద కోటయ్యేది. తర్వాత నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో టచింగ్ చేసి మచ్చలూ ముడతలూ మాయం చేసేవారు. నలుపు తెలుపు ఫొటో మీద చెంపలకు గులాబీ రంగు, చీరకు ఆకుపచ్చ అద్దేవారు. ప్రతి పూతా మనిషిని తన తరగతి నుంచి ఒక మెట్టు పైకి జరిపేది. ఎండలో నల్లబడ్డ చర్మం తెల్లబడేది. పని చేసిన చేతులు కుర్చీ మీద తీరికగా వాలేవి. పేదవాడికి ఆ ఒక్క రోజు మర్యాద దక్కిందన్న మాట నిజమే. ఆ మర్యాదకు కొలత మాత్రం జమీందారు పటం నుంచి తెచ్చుకున్నదే.

ఇక ముఖమే మిగలని పెద్దల సంగతి. పోతన, వేమన ఎలా ఉండేవారో చూసి గీసిన చిత్రం మనకు లేదు. 1942లో 'పోతన', 1946లో 'త్యాగయ్య', 1947లో 'యోగి వేమన' సినిమాలు వచ్చాక చిత్తూరు నాగయ్య ముఖమే ఆ ముగ్గురి ముఖమూ అయింది. భాగవతం అనువదించిన కవికీ, కృతులు కట్టిన వాగ్గేయకారుడికీ, విగ్రహారాధనను ఎగతాళి చేసిన వేమనకూ ఒకే చూపు, ఒకే శాంతం వచ్చాయి. నాగయ్య గొప్ప నటుడు. ఆ గొప్పతనమే ఇక్కడ చిక్కు తెచ్చింది. చెడ్డ నటుడి వేషాన్ని జనం మరిచిపోతారు, మంచి నటుడి వేషం చరిత్ర స్థానంలో కూర్చుంటుంది.

వేషమంతా మోసమే అని నా వాదం కాదు. గాంధీ 1921లో మదురైలో చొక్కా విడిచి కొల్లాయి కట్టడం తెలిసి ఎంచుకున్న వేషమే. విదేశీ వస్త్ర బహిష్కారం, పేద రైతు ఒంటి మీద చాలని గుడ్డ, ఈ రెండింటినీ ఆ వేషం చూపించింది. మన పేటల్లో అంబేద్కర్ విగ్రహం సంగతి చూడండి. నీలం కోటు, చేతిలో పుస్తకం, పైకెత్తిన వేలు. కోటు ఆయన నిజంగా వేసుకున్నదే. నీలం ఆయన రాజకీయాల జెండా రంగు. పుస్తకం ఆయన చేసిన పని. ఒంటి మీద గుడ్డ ఎంత ఉండాలో కూడా పై కులాలు శాసించిన సమాజంలో ఆ కోటుకు తిరుగుబాటు అర్థం ఉంది. ఇక్కడ ప్రతీక మనిషి చేసిన పని వైపే వేలు చూపిస్తుంది. కాబట్టి మన గీటురాయి ఇది: పటంలోని రంగూ ప్రతీకా ఆ మనిషి చేసిన పని దగ్గరికి మనల్ని తీసుకువెళుతున్నాయా, దాని నుంచి తప్పిస్తున్నాయా?

ఈ గీటురాయి మీద అల్లూరి పటాన్ని గీసి చూద్దాం.

రాజు తండ్రి వెంకటరామరాజు వృత్తిరీత్యా ఫొటోగ్రాఫరు. ఫొటోగ్రాఫరు కొడుకు ఫొటోల్లో బాగా తెలిసినది అతని శవం ఫొటో. 1924 మే 7న కొయ్యూరు ప్రాంతంలో పట్టుకుని కాల్చి చంపి, శవాన్ని కృష్ణదేవిపేట తెచ్చినప్పుడు తీసిన ఫొటో అది. ఆ ఫొటోకు ప్రయోజనం రుజువు. రెండేళ్ళు పోలీసులకు నిద్ర లేకుండా చేసిన మనిషి నిజంగా చచ్చాడని పైవాళ్ళకు చూపించాలి, ఇక లేడని మన్యానికి చెప్పాలి. రాజ్యం తీసిన ఆ పటంలో వేషం లేదు, ప్రతీక లేదు. గడ్డం, జుట్టు, మూసిన కళ్ళు. రంగు అసలే లేదు. ఆనాటి మామూలు ఫొటో ప్లేట్లకు ఎరుపు వెలుగు సరిగా అందేది కాదు. ఎర్రటి గుడ్డ నల్లగా, నీలం తెల్లగా పడేవి. అలాంటి ఫొటో చూసి బట్ట రంగు నిర్ణయించడం జరగని పని.

మరి ఇవాళ మన కూడళ్ళలో కనిపించే రాజు ఎవరు? ఏటా రంగు వేయించుకునే సిమెంటు విగ్రహాల్లో నిలబడ్డ మనిషి 1974 మే 1న విడుదలైన 'అల్లూరి సీతారామరాజు' సినిమాలోంచి దిగి వచ్చాడు. తెల్లని నిండు ముఖం, కత్తిరించి తీర్చిన గడ్డం, భుజాల మీద జుట్టు, నుదుట బొట్టు, కాషాయ వస్త్రం, వీపున అమ్ములపొది, చేతిలో విల్లు. చాలా చోట్ల ఆ ముఖం నటుడు కృష్ణదే.

ఆ సినిమా చేసిన మేలును కాదనలేం. త్రిపురనేని మహారథి రచన, రంగుల్లో తొలి తెలుగు సినిమాస్కోపు, చింతపల్లి అడవుల్లో చిత్రీకరణ, జాతీయ బహుమతి తెచ్చుకున్న శ్రీశ్రీ పాట. వీటితో పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా ఉన్న రాజు ఊరూరికీ చేరాడు. తెల్లదొర రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య వేషం, శత్రువును వెకిలివాడిగా చూపించని సంయమనం మెచ్చుకోదగ్గవి. నా ప్రశ్న సినిమా బాగుందా లేదా అని కాదు. ఆ వేషం పటంగా గడ్డకట్టాక ఏమైందనేది.

మొదట పూత. సినిమా దీపాల వెలుగుకు ముఖానికి పూత తప్పదు, అది సాంకేతికావసరం. కానీ ఎంత పూయాలి, ఎవరికి ఏ చాయ పూయాలి అన్నది సాంకేతికం కాదు. మన సినిమాల్లో నాయకుడికి తెలుపు, కొండవాడికి నలుపు పూయడం ఆనవాయితీ. మైదానం నటుడికి మసి పూసి, ఈకలు తగిలించి గిరిజనుడని నమ్మించేవారు. అదే తెర మీద నాయకుడి ముఖం మాత్రం వెన్నెలలా వెలుగుతుంది. చూసేవాడి కన్ను తనకు తెలియకుండానే పాఠం నేర్చుకుంటుంది: వెలిగేవాడు నడిపిస్తాడు, నల్లగా ఉన్నవాడు నడుస్తాడు. రెండేళ్ళు కొండల్లో తిరిగి, ఎండకు ఎండి వానకు తడిసిన మనిషి ఒంటి మీద ఆ జీవితం జాడ కూడా ఉండదు.

రెండవది రంగు. రాజు సాధువులా బతికిన మాట వాస్తవం. ఖద్దరు కట్టమన్నాడు, కల్లు మానమన్నాడు, పంచాయతీల్లో తగవులు తీర్చుకోమన్నాడు. మన్యం జనం అతనికి మహిమలు అంటగట్టి నమ్మారు. కాబట్టి సన్యాసి వేషం పూర్తిగా కల్పన కాదు. అయితే ఆ పోరాటానికి కారణం వైరాగ్యం కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు నేరమైంది. పశువుల మేతకు, కట్టెకు, చింతపండుకు అనుమతి కావలసి వచ్చింది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేసిన రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత అరకొర కూలికి చాకిరీ చేయించాడు. భూమి, అడవి, కూలి: ఈ మూడూ 1922 పితూరీకి పునాది. కాషాయం ఒక్కటే పటమంతా ఆక్రమించినప్పుడు ఈ పునాది కప్పబడిపోతుంది. అన్యాయం మీద కోపం ధర్మాగ్రహమవుతుంది, రైతాంగ పోరాటం అవతార లీల అవుతుంది.

మూడవది ప్రతీక, విల్లు. విల్లు కొండవాళ్ళ ఆయుధమే. కానీ రాజు దళం చేసిన మొదటి పని ఏమిటి? 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకోవడం. ఏమేమి తీసుకున్నదీ స్టేషన్ రికార్డులో రాసి సంతకం పెట్టడం. బాణాలతో ఈ సర్కారును ఎదిరించలేమని గ్రహించిన మనిషి అతను. శత్రువు ఆయుధాన్ని శత్రువు దగ్గరే తెచ్చుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవార్డ్, హైటర్ అనే అధికారులు చనిపోయింది ఆ ఎత్తుగడ వల్లనే. చివరకు సర్కారు అస్సాం రైఫిల్స్‌ను దింపవలసి వచ్చింది. పటం తుపాకీని తీసేసి విల్లు మాత్రమే ఉంచింది. తుపాకీ చూస్తే యుద్ధం గుర్తొస్తుంది, విల్లు చూస్తే పురాణం గుర్తొస్తుంది. విల్లు పట్టిన రాముడికి అన్ని పార్టీలూ దండ వేయగలవు. స్టేషన్లో తుపాకులు పట్టుకుని సంతకం పెట్టినవాడికి దండ వేయాలంటే కొంత ఆలోచించుకోవాలి.

మా ఊరు కొండ అంచున ఉంది. పాడేరు ఘాట్‌కు దారి ఇటే. నా తరగతిలో కింది ఊళ్ళ పిల్లలూ, కొండ ఊళ్ళ పిల్లలూ కలిసి కూర్చుంటారు. ఒక జూలై 4న అల్లూరి బొమ్మ గీయమన్నాను. రంగు పెన్సిళ్ళలో ముందు అరిగిపోయింది కాషాయం. శవం ఫొటో చూపిస్తే ఎవరూ పోల్చలేదు. "బాణం లేదేటి మాస్టారూ?" అన్నాడు ఒకడు. పిల్లవాడి తప్పేమీ లేదు. ప్రతీక మనిషిని మింగేసిందని నాకు ఏ సిద్ధాంత గ్రంథం కంటే స్పష్టంగా ఆ మాట చెప్పింది. నన్ను ఇంకా ఆలోచింపజేసింది మరొకటి. కొండ ఊళ్ళ పిల్లలు కూడా రాజు ఒక్కడినే గీశారు. పక్కన తమ తాతల్లాంటి మనిషిని ఒక్కరూ గీయలేదు.

ఇదే అసలు నష్టం. రాజు రాకముందే మన్యం లేచింది. 1879లో చిగురు పన్ను మీద, మన్సబుదారు పీడన మీద రంప జనం పితూరీ చేశారు. రాజు వెంట నిలిచిన గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులకు మన్యం దారులూ తెలుసు, మన్యం కష్టమూ తెలుసు. గంటందొర రాజు చనిపోయిన మరుసటి నెలలో పోరాడుతూ ప్రాణం విడిచాడు. మల్లుదొర పట్టుబడి, అండమాన్ జైలు అనుభవించి, 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. లోక్‌సభకు వెళ్ళిన మనిషి ముఖం మన బడి గోడల మీద లేదు. గంటందొరకు రంగుల పటం లేదు. ఒక ముఖాన్ని అంత వెలిగించిన దీపం చుట్టూ ఉన్న ముఖాలను చీకట్లోకి నెట్టింది.

2022 మార్చిలో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' ఈ ధోరణిని కొసకు తీసుకుపోయింది. అది కల్పిత కథ అని తీసినవాళ్ళే చెప్పారు, కనుక చరిత్ర తప్పులు లెక్కపెట్టడం అనవసరం. రంగుల లెక్క మాత్రం చూడాలి. పతాక సన్నివేశంలో రాజు అడవిలోని రాముడి విగ్రహం దగ్గర విల్లు అందుకుని కాషాయంలో సాక్షాత్తు రాముడై వస్తాడు. నిజాం రాజ్యంలో గోండుల భూమి కోసం పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన కొమరం భీం ఆ రాముడి పక్కన అనుచరుడై, చివరకు చదువు చెప్పమని అతన్ని అడుగుతాడు. 1974 వేషంలో దాగి ఉన్న అర్థం ఇక్కడ బాహాటమైంది. అదే ఏడాది జూలై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం లేచింది. విగ్రహం పెరిగిన కొద్దీ మన్యం చిన్నదవుతోంది.

"జనానికి ప్రతీకలు కావాలి, చరిత్ర పాఠాలు కాదు" అని కొందరు మిత్రులు అంటారు. ప్రతీకలు కావాలి, సందేహం లేదు. మా మోదకొండమ్మకు పసుపు రాసి కుంకుమ దిద్దే జనానికి రంగు భాష నేను నేర్పనక్కర లేదు. కానీ ప్రతీకలను జనం ఎంచుకుంటున్నారా, మార్కెట్టూ పాలకవర్గాలూ ఎంచి ఇస్తున్నాయా? మన్యం జనం రాజును నమ్మిన నాడు అతని చేతికి ఎన్నో ప్రతీకలు ఇచ్చారు. దాడికి ముందు పంపే ఉత్తరానికి కట్టిన మిరపకాయలు వాటిలో ఒకటి. వంటింటి వస్తువు, అందరికీ తెలిసిన ఘాటు. ఏ పటంలోనైనా ఆ మిరపకాయ కనిపిస్తుందా?

విగ్రహాలు కూల్చమని నేను అనడం లేదు, కాషాయాన్ని గోకమనీ అనడం లేదు. మన చిత్రకారులు ఇంకో పటం గీయాలి. అందులో రాజు ముఖం ఎండకు నల్లబడి ఉండాలి. చేతిలో పోలీసుల నుంచి తెచ్చిన తుపాకీ ఉండవచ్చు, విల్లు కొండవాడి భుజానే ఉండవచ్చు. వెనక తగలబడుతున్న పోడు కాదు, పంట నిలిచిన పోడు ఉండాలి. పక్కన, అతనితో సమానమైన ఎత్తులో, గంటందొర, మల్లుదొర నిలబడాలి. వాళ్ళ ముఖాలు తెలియవు కదా అని అడిగేవారికి నా జవాబు ఒకటే. పోతనకు ముఖం ఇవ్వడానికి, వేమనకు ముఖం ఇవ్వడానికి వెనుకాడని ఊహ, గంటందొర దగ్గరికి వచ్చేసరికే ఎందుకు ఆగిపోవాలి?