చలనచిత్రములందుఁ గఱవు, వాన

కఱవు నితివృత్తముగాఁ గొన్న మన చలనచిత్రములలో వానయే నిర్వహణసంధి యగుట తఱచు. 1965లో విజయ్ ఆనంద్ దర్శకత్వమున వెలువడిన 'గైడ్' హిందీచిత్రమున నాయకుని నిరశనవ్రతాంతమున వర్షము కురియును. దీనికి మూలమగు ఆర్. కె. నారాయణ్ నవల (1958) యందు వాన కురిసెనో లేదో సందిగ్ధముగనే విడువఁబడినది. నవలలో వ్యంగ్యమైనది చిత్రమున వాచ్యమగుటచే ధ్వని లోపించినది. 'లగాన్' (2001) చిత్రమునందును గ్రామీణులు క్రికెట్టాటలో గెలిచిన పిమ్మట వాన కురియును. అచటఁ బన్ను తొలఁగుట పురుషప్రయత్నఫలమే కాన వాన యలంకారమాత్రము.

కె. బాలచందర్ తమిళచిత్రము 'తణ్ణీర్ తణ్ణీర్' (1981) ఈ త్రోవఁ ద్రొక్కలేదు. కోమల్ స్వామినాథన్ నాటకము దీనికి మూలము. చెఱ తప్పించుకొని వచ్చిన వెళ్లైసామి దూరమునుండి యెడ్లబండిపై నీరు తెచ్చును. పిదప నత్తిపట్టి జనులు తామే కాలువ త్రవ్వఁబూనఁగా నధికారు లడ్డుపడుదురు. నాటకచ్ఛాయవలనఁ గొన్ని సంభాషణము లుపన్యాసప్రాయము లైన మాట నిజము. అయినను నీటిలేమికి మనుష్యకృతమగు హేతువును జూపుటచే నిందలి శోక మొక్క వానతోఁ దీఱునది కాదు. తుదివఱకు స్థాయియై నిలుచును. కఱవుకథకుఁ దగిన యౌచిత్య మిదియే యని మా మతము.