'జాతి కారణంగా': ఒక పరిభాషా విమర్శ

2022లో అమెరికాలో ప్రతి వెయ్యి సజీవ జననాలకు శిశుమరణాలు శ్వేతజాతీయుల్లో 4.5 కాగా, నల్లజాతీయుల్లో 10.9. ఈ అంతరాన్ని తెలుగులో వివరించబోతే మొదట చేతికందే మాట 'జాతి కారణంగా'. గోజాతికీ, భారతజాతికీ మనం వాడేది ఈ 'జాతి'నే. పుట్టుకతో వచ్చిన గుణం అన్న ధ్వని దాన్ని వదలదు. ఇక్కడ తప్పుదారి పట్టించేది ఆ ధ్వనే.

రిచర్డ్ డేవిడ్, జేమ్స్ కాలిన్స్ 1997లో ప్రచురించిన ఇల్లినాయ్ అధ్యయనంలో శిశువుల సగటు జనన బరువు ఇలా ఉంది: అమెరికాలో పుట్టిన శ్వేతజాతి తల్లులకు 3446 గ్రాములు, ఆఫ్రికాలో పుట్టి వలస వచ్చిన నల్లజాతి తల్లులకు 3333, అమెరికాలోనే పుట్టిన నల్లజాతి తల్లులకు 3089. లోపం రక్తంలోనే ఉంటే ఆఫ్రికా తల్లుల బిడ్డలే అందరికంటే తేలికగా ఉండాలి కదా! పైగా 2002 నాటి వారి మరో అధ్యయనంలో, ఆఫ్రికా, కరీబియన్ వలస స్త్రీల మనుమరాళ్ళ జనన బరువు కూతుళ్ళ జనన బరువుకంటే తగ్గింది.

వివక్షను ఏళ్ళ తరబడి భరించిన దేహం వయసుకు ముందే అరిగిపోతుందన్నది ఆర్లీన్ జెరోనిమస్ 'వెదరింగ్' ప్రతిపాదన. దీన్ని 'ఒత్తిడి' అంటే చాలదు. ఒత్తిడి వచ్చిపోయేదిగా వినిపిస్తుంది. భూగోళ పాఠాల్లోని 'శైథిల్యం' నయం. అయితే అందులోనూ ఒక చిక్కుంది. శిలను అరగదీసే ఎండావానలు ప్రకృతి సహజాలు, వివక్ష కాదు. కనుక 'వివక్షాశైథిల్యం' అనాలని నా ప్రతిపాదన. సమాసం కాస్త బరువే, కానీ కారణం అందులోనే ఉంది.