కొడుకు పేరుతో తల్లిదండ్రులు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు మార్గంలో ఉన్న భట్టిప్రోలు తెలుగు లిపికి పుట్టినిల్లన్న మాట ఆ ప్రాంతపు పిల్లలు చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగేదే అయినా, ఆ కీర్తికి మూలమైన శాసనాల్లో ఉన్న విషయానికి అంత ప్రచారం దక్కలేదు. 1892లో అలెగ్జాండర్ రే ఇక్కడి స్తూపాన్ని తవ్వించినప్పుడు బుద్ధ ధాతువులను, అంటే అస్థి అవశేషాలను, భద్రపరచిన మూడు రాతి పేటికలు బయటపడగా, వాటిపై బ్రాహ్మి లిపి రూపాంతరంలో చెక్కిన ప్రాకృత వాక్యాలను జార్జ్ బ్యూలర్ పరిష్కరించి ప్రకటించాడు.

ఆ వాక్యాల్లో ఒకటి కుర తండ్రి, కుర తల్లి, కుర, శివ కలిసి పేటికను చేయించారని చెబుతుంది. కన్నవారి సొంత పేర్లు అందులో లేవు. ఫలానావాడి అమ్మ, ఫలానావాడి నాన్న అని పల్లెల్లో నేటికీ పిలుచుకున్నట్టే, కొడుకు పేరే వారికి గుర్తింపయింది. దానం ఇంటిపెద్ద ఒక్కడి ఘనతగా మిగలక, అందులో కొడుకూ భాగస్వామి కావడం గమనించదగినది. విలువలు ఉపదేశం వల్ల కంటే ఇటువంటి భాగస్వామ్యం వల్లనే యువతకు పట్టుబడతాయి. మరికొన్ని వాక్యాల్లో నిగమం, అంటే వర్తక ప్రముఖుల సంఘం, దాని సభ్యుల పేర్లతో సహా కనిపిస్తుంది. కుబిరకుడనే రాజు పేరూ ఉంది గాని, దాతల వరుసే పెద్దది.

లిపి విషయం ఇంకా ఆసక్తికరమైనది. సాధారణ బ్రాహ్మిలో హల్లు గుర్తు ఒంటరిగా ఉంటే అకారం అందులో కలిసి ఉన్నట్టే లెక్క కాగా, ఈ పేటికలపై ఆ గుర్తు పొల్లుగానే నిలిచి, పక్కన చిన్న గీత చేరిస్తేనే అకారం పలుకుతుంది. (నేటి తలకట్టు దీని నుంచే వచ్చిందనడం తొందరపాటు.) తర్వాతి శతాబ్దాల్లో ఈ పద్ధతి నిలవలేదు గాని, అందివచ్చిన లిపిని గౌరవిస్తూనే పొల్లును విడిగా చూపలేని దానిలోని ఇబ్బందిని సరిదిద్దబోయిన ఆ బుద్ధి, పుట్టినిల్లు అనే బిరుదు కంటే విలువైన వారసత్వం.

బిరుదు మాత్రమే కట్టడాన్ని కాపాడదు; 19వ శతాబ్దంలో ఈ స్తూపపు రాళ్లు కాలువ తూము పనులకు తరలిపోయాయి. బాపట్ల, రేపల్లె, తెనాలి బడుల ఉపాధ్యాయులు పిల్లలకు స్తూపపు దిబ్బ చూపించి తిరిగి తీసుకురావడంతో సరిపెట్టక, పేటికలపై ఉన్న అక్షరాలతో వారి పేర్లు, వారి తల్లిదండ్రుల పేర్లు రాయించాలి.